పిల్లలకి మత్తు ఇచ్చే ముందు ఏం పెట్టాలి, ఎప్పుడు ఆపాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్‌లో పిల్లలకి మత్తు ఇచ్చే డాక్టర్‌ని. ఎమ్మారై, ఎండోస్కోపీ, పళ్ల ట్రీట్‌మెంట్, చిన్న ఆపరేషన్లు, ఇలా దేనికొచ్చినా అమ్మానాన్నలు, నానమ్మలు, అమ్మమ్మలు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. అన్నీ ఒకచోట రాస్తే ముందు రోజు రాత్రి టెన్షన్ పడకుండా చదువుకుంటారని రాస్తున్నాను. ఇక్కడ ఉన్నవి మామూలుగా ఆరోగ్యంగా ఉండే పిల్లలకి సాధారణంగా పాటించే లెక్కలు. మీ పిల్లని చూసిన మత్తు డాక్టరు వేరే టైమ్ చెబితే ఆ మాటే వినండి.

అసలు కడుపు ఖాళీగా ఎందుకు ఉండాలి?

మనకి నీళ్లు తాగుతూ పొలమారితే ఏమవుతుంది? వెంటనే దగ్గు ముంచుకొస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, కాసేపటికి సర్దుకుంటుంది. ఆ దగ్గే ఊపిరితిత్తులకి కాపలా. మత్తులో ఆ దగ్గు, మింగడం రెండూ మందగిస్తాయి, లోతైన మత్తులో అసలు ఉండవు. అదే సమయంలో కడుపు పైన ఉండే కండరం కూడా సడలుతుంది కాబట్టి లోపల ఉన్నది గొంతులోకి ఎగదన్నొచ్చు. మెలకువగా ఉన్న పిల్ల అయితే కక్కేస్తుంది, దగ్గుతుంది, ఏడుస్తుంది. మత్తులో ఉన్న పిల్లకి అది చప్పుడు లేకుండా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది. గట్టి ముక్క అయితే గాలి దారి మూసుకుపోతుంది, పుల్లటి జీర్ణరసం అయితే ఊపిరితిత్తి లోపలి పొర కాలినట్టు దెబ్బతిని న్యుమోనియా వస్తుంది.

ఇది చాలా అరుదు. కానీ జరిగితే పిల్ల ఐసీయూకి వెళ్లాల్సి రావచ్చు, అందుకే ఇంత పట్టుదల.

ఎన్ని గంటలు?

మన దగ్గర ఎక్కువ హాస్పిటళ్లలో నడిచే లెక్క 2-4-6-8. మంచినీళ్లలాంటి తేటగా ఉండే ద్రవాలు మత్తుకి 2 గంటల ముందు వరకు. తల్లిపాలు 4 గంటల ముందు వరకు. డబ్బా పాలు, ఆవు పాలు, గేదె పాలు, ప్యాకెట్ పాలు, ఇడ్లీ లాంటి తేలిక తిండి 6 గంటల ముందు వరకు. పూరీ, వడ, చికెన్, మటన్, బిర్యానీ లాంటి నూనె, మాంసం ఉన్నవి అయితే 8 గంటలు. అమెరికా మత్తు డాక్టర్ల సంఘం 1999లో రాసిపెట్టిన లెక్కకి ఇది దగ్గరగా ఉంటుంది, తర్వాత కొన్నిసార్లు సవరించినా ఈ అంకెలు పెద్దగా మారలేదు.

యూరప్‌లో ఇంకా సడలించారు. 2018లో బ్రిటన్, ఫ్రాన్స్, యూరప్ పిల్లల మత్తు డాక్టర్ల సంఘాలు కలిసి, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి తేట ద్రవాలు 1 గంట ముందు వరకు ఇవ్వొచ్చని చెప్పాయి, అదీ కిలో బరువుకి 3 మిల్లీలీటర్ల లెక్కన. అంటే 12 కిలోల బాబుకి 36 మిల్లీలీటర్లు, రెండు మూడు గుక్కలు. 2022లో వచ్చిన యూరప్ మార్గదర్శకాల్లో తల్లిపాలకి 3 గంటలు, డబ్బా పాలకి 4 గంటలు చాలన్నారు. మీ హాస్పిటల్ ఏది పాటిస్తుందో అడగండి, ఇంటర్నెట్‌లో యూరప్ లెక్క చదివి మీ అంతట మీరు 1 గంట ముందు తాగించకండి.

ఈ గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి? మాకు 7 గంటలకి రమ్మన్నారు.

మత్తు మందు ఇచ్చే టైమ్ నుంచి వెనక్కి. మీరు రిసెప్షన్‌లో పేరు రాయించుకునే టైమ్ నుంచి కాదు. చాలామంది ఇక్కడే తికమక పడతారు. 7కి రమ్మన్నా స్లాట్ 9కి ఉండొచ్చు, అందుకే ఫోన్ చేసినప్పుడే "ఎన్ని గంటలకి రావాలి"తో ఆపకుండా "మత్తు ఎన్ని గంటలకి ఇస్తారు" అని కూడా అడగండి.

ఉదాహరణకి ఏడాదిన్నర పాపకి ఉదయం 9కి స్లాట్ అనుకుందాం. రాత్రి 8, 8:30 ప్రాంతంలో మామూలు భోజనం. రాత్రి లేచి ప్యాకెట్ పాలు తాగే అలవాటుంటే తెల్లవారుజామున 3 లోపు. ఇంకా చనుపాలు తాగే పాపైతే 5 వరకు. తర్వాత మంచినీళ్లు 7 వరకు. మధ్యాహ్నం 2కి స్లాట్ అయితే ఉదయం 7:30కి ఒకటి రెండు ఇడ్లీలు తినిపించేయొచ్చు, 8 దాటితే వద్దు. తల్లిపాలు 10 వరకు, నీళ్లు 12 వరకు.

మాకు మధ్యాహ్నం స్లాట్ ఇచ్చి, రాత్రి నుంచే ఏమీ పెట్టొద్దన్నారు. అలాగే చేయాలా?

దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే నేను రోజూ చూసే బాధ ఇదే.

"రాత్రి 12 తర్వాత ఏమీ వద్దు" అనే మాట పెద్దవాళ్ల ఆపరేషన్ల నుంచి వచ్చింది. 1946లో న్యూయార్క్‌లో కర్టిస్ మెండెల్సన్ అనే డాక్టరు, కాన్పు సమయంలో మత్తు ఇచ్చిన తల్లుల రికార్డులు తిరగేశారు. 44,016 కాన్పుల్లో 66 మందికి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. చనిపోయిన ఇద్దరూ గట్టి తిండి అడ్డుపడి ఊపిరాడక చనిపోయారు. ఆయన రాసింది చదివాక ప్రపంచమంతా జాగ్రత్తపడింది, మంచిదే. కానీ ఆ జాగ్రత్త రాను రాను అన్నానికీ మంచినీళ్లకీ తేడా లేకుండా రాత్రి 12 అనే ఒకే గీతగా మారిపోయింది. మంచినీళ్లు సగానికి సగం పావుగంట, ఇరవై నిమిషాల్లో కడుపు దాటి కిందికి వెళ్లిపోతాయని ఆ తర్వాత ఎన్నో పరిశోధనల్లో తేలింది. గీత మాత్రం చాలా చోట్ల అలాగే ఉండిపోయింది.

పదిమంది పిల్లలకి పది రకాల టైమ్ చెప్పడం కంటే అందరికీ "రాత్రి నుంచి వద్దు" అనడం వార్డులో తేలిక. లిస్టు ముందుకీ వెనక్కీ జరిగినా ఇబ్బంది ఉండదు. ఆ ఇబ్బంది అంతా రెండేళ్ల పిల్ల కడుపు మీద పడుతుంది. రాత్రి 8కి తిన్న పిల్లకి మర్నాడు 2కి మత్తు ఇస్తే 18 గంటలు పస్తు. పెద్దవాళ్లం మనమే ఉండలేం.

కాబట్టి ఫోన్ చేసి ఇలా అడగండి: "మేడమ్, పాపకి రెండేళ్లు, స్లాట్ 2 గంటలకి. ఉదయం 7:30కి ఇడ్లీ పెట్టి, 12 వరకు నీళ్లు ఇవ్వొచ్చా? మత్తు డాక్టర్‌ని అడిగి చెప్తారా?" ఇది ఎదురు మాట్లాడటం కాదు, అడగాల్సిన ప్రశ్న. చాలామంది మత్తు డాక్టర్లు సరే అంటారు. కొన్నిసార్లు కారణం ఉండి వద్దంటారు, స్లాట్ ముందుకు జరిగే అవకాశం ఉందనో, పిల్లకి కడుపు సమస్య ఉందనో. అప్పుడు వినండి. అడగకుండా మీరే టైమ్ మార్చుకోవద్దు, అడగకుండా 18 గంటలు పస్తూ ఉంచొద్దు.

ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా మంచిదే కదా?

కాదు. ఆరు గంటలు చాలు అన్నచోట పన్నెండు గంటలు ఉంచితే రెట్టింపు భద్రత రాదు. చిన్నపిల్లల ఒంట్లో చక్కెర నిల్వలు తక్కువ, ఖర్చు ఎక్కువ. చంటిపిల్లల్లో షుగర్ పడిపోవచ్చు. నీళ్లు లేక ఒళ్లు ఎండిపోతే మత్తు ఇవ్వగానే బీపీ తగ్గొచ్చు. ఇక మీ కళ్లముందే జరిగేది ఇంకోటి: ఒంట్లో నీళ్లు తక్కువైన పిల్లకి నరం దొరకదు. ఒక చేతికి గుచ్చి, రెండో చేతికి గుచ్చి, కాలికి చూసి, అప్పటికే ఆకలితో గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల, పక్కన నిలబడలేక బయటికి వెళ్లిపోయే నాన్న. 7 గంటలకి అరగ్లాసు నీళ్లు తాగి వచ్చిన పిల్ల చెయ్యి పట్టుకుంటే చాలాసార్లు మొదటిసారికే క్యాన్యులా (నరంలో పెట్టే సన్న గొట్టం) పడిపోతుంది.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండల్లో ఇది ఇంకా ముఖ్యం. నోరెండిపోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, చంటిపిల్లల్లో మాడు లోపలికి పోయినట్టు కనబడటం, ఒళ్లు వాలిపోయి మగతగా ఉండటం, చెమటలు పట్టడం: వీటిలో ఏది కనబడినా నర్సుకి అప్పటికప్పుడే చెప్పండి. డ్రిప్ పెడతారు, షుగర్ చూస్తారు, పిల్లని లిస్టులో ముందుకు తెస్తారు.

తేట ద్రవం అంటే ఏంటి? మజ్జిగ పలచగా చేసి ఇవ్వొచ్చా?

మజ్జిగ ఎంత పలచగా ఉన్నా పాల లెక్కే. వద్దు.

ఒక చిన్న పరీక్ష చెప్తాను. గాజు గ్లాసులో పోసి వెనక న్యూస్‌పేపర్ పెట్టండి. అక్షరాలు చదవగలిగితే తేట ద్రవం. మంచినీళ్లు, పంచదార నీళ్లు, గ్లూకోజ్ నీళ్లు, ఓఆర్ఎస్, గుజ్జు లేని తేట యాపిల్ జ్యూస్ ఇందులోకి వస్తాయి. కొబ్బరి నీళ్లు లేత మీగడ తునకలు లేకుండా వడకడితే చాలా చోట్ల ఒప్పుకుంటారు, కానీ ముందే అడగండి. మామిడి జ్యూస్ ప్యాకెట్లు, ఇంట్లో తీసిన బత్తాయి, దానిమ్మ రసాలు, గంజి, రాగి జావ, చారు, సూప్, సగ్గుబియ్యం జావ, హార్లిక్స్, బూస్ట్ ఏవీ తేట ద్రవాలు కావు. "జావే కదా, నీళ్లలాగే ఉంటుంది" అని నానమ్మలు ప్రేమతో పట్టిస్తారు, అది పిండి, తిండి లెక్కలోకే వస్తుంది. ఏడాది లోపు పిల్లలకి తేనె నీళ్లు మత్తుతో సంబంధం లేకుండా అసలే వద్దు. ఆరు నెలల లోపు, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లకి నీళ్లు ఇవ్వాలా వద్దా అన్నది డాక్టర్‌ని అడిగే చేయండి.

ఓఆర్ఎస్ ఏది కొనాలి?

డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉన్న పొడి ప్యాకెట్. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. మెడికల్ షాపుల్లో ఏళ్ల తరబడి ఓఆర్ఎస్ అనే అక్షరాలు పేరులో పెట్టుకుని తీపి డ్రింకులు అమ్మారు, మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు వాటి మీద ఎంతో కాలం పోరాడాక 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశాలిచ్చింది. ఆవిడ చేసిన మేలు చిన్నది కాదు. మీరు కొనేటప్పుడు మాత్రం ప్యాకెట్ వెనక ఒకసారి చదవండి.

తల్లిపాలకి నాలుగు గంటలు, డబ్బా పాలకి ఆరు. రెండూ పాలే కదా, ఎందుకు తేడా?

డబ్బా పాలలో, ఆవు గేదె పాలలో కేసీన్ అనే ప్రోటీన్ ఎక్కువ. కడుపులో యాసిడ్ తగలగానే విరిగి గట్టి గడ్డలు కడుతుంది, కరగడానికి టైమ్ పడుతుంది. తల్లిపాలు మెత్తగా విరుగుతాయి, త్వరగా కిందికి జారతాయి. పిండి తీసిన తల్లిపాలు సీసాతో పట్టినా నాలుగు గంటలే. కానీ ఆ పాలలో ఏదైనా పొడి కలిపారా, డబ్బా పాల లెక్క వేసుకోండి.

చంటిపిల్ల తల్లులు రాత్రి అలారం పెట్టుకుని లేచి, ఆ చివరి పాలు పట్టండి. నిద్రలో ఉన్న పిల్లని లేపి పట్టడం పాపమేమీ కాదు. దానివల్ల పిల్ల ఉదయం ప్రశాంతంగా ఉంటుంది. ఆపాల్సిన టైమ్ దాటాక పిల్లని నాన్నో అమ్మమ్మో ఎత్తుకుంటే మేలు, పాల వాసన తెలిసిన పిల్ల అమ్మ దగ్గర ఊరుకోదు.

రెండు ముక్కలు బిస్కెట్ తిన్నాడు. చెప్పాలా?

చెప్పాలి. దయచేసి చెప్పండి.

లీవు పెట్టి, పొద్దున్నే ట్రాఫిక్‌లో పడి, రెండు వారాలు ఎదురుచూసిన స్లాట్ పోతుందని భయపడి చాలామంది దాచేస్తారు. నాకు అర్థమవుతుంది. కానీ మీరు చెబితే మహా అయితే కొన్ని గంటలు వెనక్కి జరుపుతాం, లేదా ఇంకో రోజు ఇస్తాం. చెప్పకపోతే ఏం జరగొచ్చో పైన రాశాను. తిన్నది ఏంటి, ఎంత, ఎన్ని గంటలకి, ఈ మూడూ ఉన్నదున్నట్టు చెప్పండి. చాక్లెట్, కుర్కురే, నోట్లో వేసుకున్న లడ్డూ ప్రసాదం, అన్నీ తిండే. వాంతి చేయించి ఖాళీ చేద్దామని మాత్రం ప్రయత్నించకండి, అది పని చేయదు, పిల్లకి ప్రమాదం.

నడిచే వయసు పిల్లలతో వస్తే ముందు రోజే కారు సీట్ల సందులు, డైపర్ బ్యాగ్, అక్క స్కూల్ బ్యాగ్ వెతకండి. ఒకసారి మా దగ్గర ఒక బాబు ప్యాంటు జేబులోంచి సగం కొరికిన ఉస్మానియా బిస్కెట్ బయటపడింది, తడిగా, అంచున చిన్న పళ్ల గాట్లతో. వాళ్లమ్మకి నిజంగానే తెలియదు. నర్సు బట్టలు మారుస్తూ చూసింది కాబట్టి సరిపోయింది. వెయిటింగ్ హాల్లో పక్కవాళ్లు ముద్దొచ్చి ఏదో ఒకటి చేతిలో పెట్టేస్తారు, మన ఊళ్లో అది మామూలే, అందుకే ఒకరు పిల్లని కనిపెట్టుకునే ఉండాలి. వెంట వచ్చిన అన్నకో అక్కకో టిఫిన్ పెట్టాలంటే క్యాంటీన్‌కి తీసుకెళ్లండి, ఆకలితో ఉన్న పిల్ల ఎదురుగా డబ్బా తెరవద్దు.

స్లాట్ లేటవుతోంది, ఎవరూ ఏమీ చెప్పడం లేదు.

ఎమ్మారై దగ్గర ఇది తరచుగా జరుగుతుంది. మధ్యలో యాక్సిడెంట్ కేసు వస్తుంది, అంతకుముందు పిల్ల నిద్రపోవడానికి గంట పడుతుంది. మీరు ఊరికే కూర్చోకండి. నర్సు దగ్గరికి వెళ్లి "ఇంకా ఎంతసేపు పట్టొచ్చు? రెండు గంటల కంటే ఎక్కువ అయితే బాబుకి నీళ్లు ఇవ్వొచ్చా, మత్తు డాక్టర్‌ని అడగండి" అనండి. ఈ ఒక్క ప్రశ్నతో చాలామంది పిల్లలకి ఒక గ్లాసు నీళ్లు దొరుకుతాయి. డాక్టరు సరే అన్నాకే ఇవ్వండి. ఎంత తాగారో, ఎప్పుడు తాగారో ఫైల్లో రాయించండి.

మేం జిల్లా నుంచి వస్తున్నాం, తెల్లవారుజామున బయల్దేరాలి.

నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ నుంచి వచ్చేవాళ్లకి దారిలోనే నీళ్లు, పాల టైమ్ అయిపోతుంది. కాగితం మీద మూడు టైమ్‌లు రాసి డ్రైవింగ్ చేయని వాళ్ల దగ్గర పెట్టండి: తిండి ఆఖరు, తల్లిపాలు ఆఖరు, నీళ్లు ఆఖరు. టిఫిన్ కోసం హోటల్ దగ్గర ఆగేటప్పుడు పిల్ల నిద్రలో ఉంటే అదృష్టం, లేకపోతే ఒక్కొక్కరుగా దిగి తినిరండి. కుదిరితే స్లాట్ అడిగేటప్పుడే దూరం సంగతి చెప్పండి. ఏడాది లోపు పిల్ల అయితే లిస్టులో మొదట పెట్టమని అడగడం మీ హక్కు.

రోజూ వేసే మందుల సంగతి?

ఫిట్స్ మందు ఆపకండి. గుక్కెడు నీళ్లతో మామూలు టైమ్‌కే వేయమంటాం. ఆస్తమా ఇన్‌హేలర్ కూడా కొట్టే రావాలి. ఇన్సులిన్ తీసుకునే పిల్లలకి మాత్రం ఇంట్లో లెక్క వేసుకోవద్దు, డోసు ముందు రోజే డాక్టరు చెప్పాలి. మిగతా ఏ మందైనా పేరు చెప్పి అడగండి, ఆయుర్వేదం, హోమియో వాడుతున్నా చెప్పండి. పాలలో కలిపి ఇచ్చే మందులు ఆ రోజు పాలలో కలపకండి.

ఈ లెక్కలు ఎవరికి వర్తించవు?

పాలు మాటిమాటికీ కక్కే పిల్లలు, కడుపు ఉబ్బి వాంతులవుతున్న పిల్లలు, ట్యూబుతో పాలు పట్టే పిల్లలు (ట్యూబులో పోసేది కూడా తిండే), షుగర్ ఉన్నవాళ్లు, బాగా లావుగా ఉన్నవాళ్లు, నెలలు నిండకుండా పుట్టిన చంటిపిల్లలు. పుట్టుకతో జీవక్రియ సమస్య ఉన్న కొందరు పిల్లలు కొన్ని గంటలు కూడా పస్తుండకూడదు, వాళ్లని ముందే అడ్మిట్ చేసుకుని గ్లూకోజ్ ఎక్కిస్తారు. వీళ్లందరికీ టైమ్ విడిగా రాసి ఇస్తారు.

సిరప్ తాగించి నిద్రపుచ్చుతాం అన్నారు. ఇంజెక్షన్ లేదుగా, దానికీ ఇవన్నీ అవసరమా?

వినికిడి పరీక్ష బేరాకి, మెదడు పరీక్ష ఈఈజీకి, చంటిపిల్లల గుండె ఎకోకి ట్రైక్లోఫాస్ సిరప్ ఇస్తుంటారు. నోటితో ఇచ్చినా మత్తు మత్తే. ఎంతసేపు ఖాళీ కడుపు అన్నది ఆ సెంటర్ చెప్పినట్టు చేయండి. మరీ ఆకలిగా ఉన్న పిల్ల ఏ సిరప్‌కీ నిద్రపోదు, కాబట్టి ఇక్కడ కూడా ఎక్కువ గంటలు ఉంచడం వల్ల నష్టమే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ సిరప్ ఇంట్లోనో దారిలో కారులోనో తాగించి తీసుకురమ్మని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. నిద్రలో తల ముందుకు వాలి పిల్లకి గాలి ఆడకపోతే కారులో ఎవరూ గమనించలేరు. హాస్పిటల్లో, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్ పెట్టాకే తాగించాలి.

మత్తు లేకుండా కుదరదా?

కొన్నిసార్లు కుదురుతుంది, అడగండి. మూడు నెలల లోపు పిల్లలకి కొన్ని చోట్ల కడుపు నిండా పాలు పట్టి, గట్టిగా చుట్టి, చెవుల్లో దూది పెట్టి నిద్రలోనే ఎమ్మారై తీస్తారు. సీటీ స్కాన్ సెకన్లలో అయిపోతుంది, చాలామందికి మత్తు అక్కర్లేదు. ఏడెనిమిదేళ్ల పిల్లలకి ఆ టకటక శబ్దం ముందే ఫోన్‌లో వినిపించి, కదలకుండా పడుకోవడం ఇంట్లో ఆటలా ఆడిస్తే మెలకువలోనే తీయించుకుంటారు. పంటి దగ్గర ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్ ఒక్కటే అయితే మామూలుగా పస్తు అవసరం లేదు.

బాబు పడి తల పగిలింది, అరగంట క్రితమే అన్నం తిన్నాడు. ఆరు గంటలు ఆగుతారా?

ప్రాణానికో, చేతికో కాలికో ముప్పు ఉంటే ఆగం. తిన్న కడుపుతోనే జాగ్రత్తగా మత్తు ఇచ్చే పద్ధతులు ఉన్నాయి, గొంతులో గొట్టం వేసి ఊపిరితిత్తులకి దారి కాపాడతాం. ఆగగలిగే కుట్లైతే కాస్త ఆగుతాం, లేదా తిమ్మిరి ఇంజెక్షన్‌తో వేసేస్తాం. దెబ్బ తగిలిన నొప్పికీ, భయానికీ కడుపు కదలడం కూడా నెమ్మదిస్తుంది కాబట్టి "నాలుగు గంటలైంది కదా" అన్న లెక్క అక్కడ పనిచేయదు. మీరు చేయాల్సింది ఒక్కటే, దెబ్బ తగిలాక ఓదార్చడానికి చాక్లెట్, పాలు ఇవ్వకుండా నేరుగా తీసుకురావడం.

జలుబు చేసింది. తీసుకురావాలా?

ముందు ఫోన్ చేయండి. ఊరికే నీళ్లలా ముక్కు కారితే చూసి నిర్ణయిస్తాం. జ్వరం, కఫంతో దగ్గు, పిల్లికూతలు ఉంటే సాధారణంగా కొన్ని వారాలు వాయిదా వేస్తాం. ఆ సంగతి ఇంట్లోనే తేలితే పిల్ల అనవసరంగా పస్తుండక్కర్లేదు.

పళ్లు తోమొచ్చా? పాసిఫయర్ ఇవ్వొచ్చా?

రెండూ సరే. పేస్టు మింగనివ్వకండి. చూయింగ్ గమ్ మాత్రం వద్దు.

మా అత్తగారికి మత్తు అంటేనే భయం. పిల్లకి మత్తేంటి అంటున్నారు.

పెద్దావిడతో మెల్లగా చెప్పండి, మత్తు వైద్యానికి మన ఊళ్లో పాత చరిత్రే ఉంది. 1888లోనూ 1889లోనూ నిజాం కాలంలో ఇక్కడే, అప్పటి మత్తు మందు క్లోరోఫామ్ ఎంత క్షేమమో తేల్చడానికి క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి, వాటిని నడిపించిన డాక్టరు ఎడ్వర్డ్ లారీ ఎప్పుడూ శ్వాసనే కనిపెట్టుకుని ఉండాలని వాదించేవారు. క్లోరోఫామ్ గుండెని నేరుగా దెబ్బతీయదని ఆయన తేల్చింది తర్వాత నిలబడలేదు కానీ శ్వాస మీద కన్నేసి ఉంచడం ఇప్పటికీ మా పనిలో సగం. అదే కాలంలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఈ ఊళ్లోనే క్లోరోఫామ్ ఇచ్చేవారు, ప్రపంచంలోనే తొలితరం మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ఇప్పుడు శ్వాస, గుండె, ఆక్సిజన్, బీపీ అన్నీ మెషీన్ మీద క్షణక్షణం కనిపిస్తాయి, పిల్ల లేచేదాకా ఒక మనిషి పక్కనే ఉంటారు. ఆ మనిషి ఎవరని అడగండి. "టెక్నీషియన్ చూసుకుంటాడు" అంటే సరిపోదు, మత్తు ఇవ్వడం తెలిసిన డాక్టరు ఉండాలి.

లేచాక ఎప్పుడు తినిపించాలి?

పూర్తిగా మెలకువ వచ్చి, ఏడుపు మామూలుగా ఉండి, నర్సు సరే అన్నాక. చనుపాలు తాగే పిల్లకి వెంటనే పట్టొచ్చు. మిగతావాళ్లకి ముందు రెండు గుక్కల నీళ్లు, నిలబడితే పాలు, ఇడ్లీ, పెరుగన్నం. ఇంతసేపు పస్తున్నాడు పాపం అని ఒకేసారి కుక్కితే కక్కేస్తాడు. ఒకటి రెండు వాంతులు మామూలే. ఆగకుండా వాంతులు, ఆయాసం, పెదాలు నీలంగా మారడం, లేపినా లేవకపోవడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

మధ్యాహ్నం అయిపోతే బండి మీద ఇంటికి తీసుకెళ్లొచ్చా?

వద్దు. మత్తు దిగీ దిగని పిల్ల ఇద్దరి మధ్య కూర్చుని నిద్రలోకి జారితే తల వాలి గాలి దారి నొక్కుకుపోవచ్చు, పట్టు తప్పొచ్చు కూడా. ఆ ఒక్క రోజు ఆటోనో క్యాబో మాట్లాడుకోండి. ఇద్దరు పెద్దవాళ్లు రండి. సొంత కారైతే ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక పిల్ల పక్కన కూర్చుని తల ఛాతీ మీదికి వాలకుండా చూస్తుండాలి. ట్రైక్లోఫాస్ లాంటి మందుల మగత కొన్ని గంటలు ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రం సైకిల్, మేడ మెట్లు, నీళ్ల టబ్ దగ్గర ఒంటరిగా వదలకండి. మర్నాడు మామూలుగా ఉంటే స్కూలుకి పంపొచ్చు.